ఫ్రాకుకి పెద్ద... చీరకి చిన్న!

1972లో ‘బడిపంతులు’లో ఎన్.టి.రామారావుగారికి మనవరాలుగా వేసిన శ్రీదేవి, 1979లో ‘వేటగాడు’లో ఆయన సరసన హీరోయిన్‌గా చిందులేసింది. ఈ ముచ్చట మీకు కొత్త కాదు. నేనడిగేది వేరే సంగతి. ఆ మధ్య ఏళ్లు ఏమైపోయాయి? తమిళంలో ‘మూండ్రు ముడిచ్చు’ 1976లో విడుదలయ్యేనాటికి ఆమెకు పదమూడేళ్లు. అప్పటికే హీరోయిన్! మన సినిమావాళ్లకు పన్నెండేళ్ల ఆడపిల్లతో పనిలేదండీ. పరుగెడుతున్న చిన్నపిల్ల కాళ్లు చూపిస్తారు. కెమెరా పైకి లేచేసరికి పైట సర్దుకుంటూ హీరోయిన్ నిలబడి ఉంటుంది!

కెమెరా దాటేసిన ఆ వయసును బట్టల కొట్లూ దాటేస్తాయని ఈమధ్యే తెలిసింది. మా మామయ్య కూతురి పెళ్లి, సికిందరాబాదులో, చర్చిలో. పూలు చల్లడానికి అయిదేళ్ల బుడతలిద్దరు... వాళ్లకు బుట్టగౌన్లు. తోడు పెళ్లికూతుళ్లు ముగ్గురు... వాళ్లకు చీరలు. ఈ రెండు జట్లకీ మధ్య మా అక్క కూతురు. దానికి పన్నెండేళ్లు. అమెరికాలో అయితే ఇలాంటి పిల్లను ‘జూనియర్ బ్రైడ్స్‌మెయిడ్’ అంటారు. మనకు ఆ పేరూ లేదు, ఆ బట్టా లేదు.

జనరల్ బజారంతా తిరిగాం. పిల్లల గౌన్లేమో భుజాల దగ్గర పట్టేస్తాయి, పైగా పొట్టమీద అరచేయంత పువ్వు. పెద్దవాళ్లవి ఛాతీ దగ్గర డార్టులు వేసి కుట్టినవి. పిల్లకు అక్కడ గుడ్డ బుంగలా నిలబడుతుంది. “ఏడాది ఆగితే సరిపోద్దమ్మా” అన్నాడు ఓ కొట్టబ్బాయి. పెళ్లి ఏడాది ఆగదు కదా నాయనా!

మా అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: “లంగా ఓణీ వేసేయండి, నిండుగా ఉంటుంది.” పిల్ల అప్పుడేమీ అనలేదు. రాత్రి నా పక్కలోకి వచ్చి, “పిన్నీ, ఓణీ వేస్తే అందరూ అమ్మని అడుగుతారు... ఎప్పుడయిందీ అని” అంది.

నిజమే కదండీ. మన ఇళ్లల్లో ఓణీ అంటే ఉత్త గుడ్డ కాదు, దండోరా. అయిందో కాలేదో, అది ఆ పిల్లకీ తల్లికీ సంబంధించిన మాట. రెండొందల మంది ముందు దాన్ని చాటింపు వేయించడం నాకు సుతరామూ నచ్చలేదు. అమ్మతో ఆ ముక్కే చెప్పాను. కాసేపు గొణిగి ఊరుకుంది.

ఈ తంటా రాచపెళ్లిళ్లకీ తప్పలేదు. 1981 జూలై 29న లండన్‌లో డయానా వెనక నడిచిన అయిదుగురిలో చిన్నదానికి అయిదేళ్లు, పెద్దదానికి పదిహేడు. నడుమ పదమూడేళ్ల ఇండియా హిక్స్. మన మౌంట్‌బాటన్ దొరగారి మనవరాలే, ఆ పేరు అందుకే! మగరాయుడిలా తిరిగే తనకు ఆ కుచ్చుల గౌను అస్సలు ఇష్టంలేదని తర్వాత ఆవిడే చెప్పుకుంది. పాపం, అప్పుడెవరడిగారు?

చివరికి మా వీధి దర్జీయే గతయ్యాడు. పెళ్లికూతురిది తెల్లచీర కాబట్టి తెలుపు వద్దనుకున్నాం. తోడు పెళ్లికూతుళ్ల చీరల రంగే, లేత గులాబీ తీసుకున్నాం. గుండ్రటి మెడ, మోచేతి దాకా చేతులు, డార్టులు లేవు, నడుము దగ్గర సన్నకుచ్చులు. నెట్టు గుచ్చుకుంటుంది గనక లోపల మెత్తటి నూలు గుడ్డ. పొడవు చీలమండల దాకానే, ఎందుకంటే చర్చిలో మెట్లెక్కాలి. పెళ్లినాటి చెప్పులు వేయించే పొడవు గుర్తు పెట్టించాను. ఈ వయసు పిల్లలు నెలకో రకంగా ఎదుగుతారు, అందుకని కొలతలు మూడు వారాల ముందే ఇచ్చాం, అంతకన్నా ముందు కాదు. వేసి చూసినప్పుడు ఊరికే అద్దం ముందు నిలబెట్టలేదు. చేతులు పైకెత్తించాను, కూర్చోబెట్టాను, మెట్లు ఎక్కించి దించాను.

“ఇంకేమన్నా కావాలా తల్లీ?” అనడిగాడు దర్జీ. ఇన్నాళ్లూ దాన్ని అలా అడిగినవాళ్లు లేరు. “జేబు” అంది. ఆయన నవ్వి, పక్క కుట్టులో జేబు దాచిపెట్టాడు. అంచు లోపలికి మూడంగుళాలు మడిచి కుట్టించాం. ఆ మడత క్రిస్మస్‌కి విప్పాలట, ఇప్పటినుంచే చెబుతోంది.