గైర్హాజరు

ఈ సంచిక మీ చేతికి అందేసరికి ఖమ్మం మిర్చి యార్డులో జెండా పాట జోరుగా సాగుతూ ఉంటుంది. లారీల వరసలు, బస్తాల గుట్టలు, ఘాటుకు తుమ్ములు, ధర తగ్గించారని రైతుల గొడవ. 2017 ఏప్రిల్ 28న ఇదే యార్డులో ధర పడిపోయిందని రైతులు తిరగబడ్డారు. ఆ తర్వాత వాళ్ళ చేతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకువెళ్ళిన ఫోటోలు మనమంతా చూశాం, కోపగించుకున్నాం. ఆ ఫోటోల్లో ఒక్క స్త్రీ లేదు. మిరప చేలో వంగి కాయ కోసేదీ, కల్లంలో ఆరబోసి తాలు ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. యార్డు దాకా వెళ్ళేదీ, బిల్లు తీసుకునేదీ, చివరికి బేడీలు వేయించుకునేదీ మగవాళ్ళు. ఈ మాట మనం చాలాసార్లు చెప్పుకున్నాం, కూలి స్త్రీల వేతనాల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కూలి లెక్కలోకి కూడా రాని ఒక చెయ్యి గురించి రాయాలనిపించింది. ఆ చేతిలో కాలేజీ ఐడీ కార్డు ఉంటుంది.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో పోడు పట్టాల పని మీద భద్రాచలం వెళ్ళి, దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఒక కోయ గూడెంలో మూడు రోజులున్నాను. గూడెం పేరు, నన్ను ఇంట్లో ఉంచుకున్న అమ్మాయి పేరు రాయను. ఆ దారి తెలిసినవాళ్ళకు దాని వింత తెలుసు. 2014లో పోలవరం ముంపు పేరుతో మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న ఊళ్ళు అటు పోయాయి. దుమ్ముగూడెం, చర్ల మళ్ళీ తెలంగాణవే. కాబట్టి ఈ అమ్మాయి పొద్దున తెలంగాణలో బస్సెక్కి, ఆంధ్రా ఊళ్ళ మీదుగా పోయి, తెలంగాణలో దిగుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆమెకు జీరో టికెట్టు. దారిలో ఎక్కే ఆమె స్నేహితురాలి ఆధార్ ఆంధ్రప్రదేశ్‌ది, ఆమె టికెట్టు కొనుక్కోవాలి. 2025 ఆగస్టు 15న అక్కడా ఉచిత ప్రయాణం వచ్చింది గానీ అది ఆ రాష్ట్రం లోపలికే. ఇద్దరూ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఎవరి సరిహద్దులో ఎవరు గీశారో గానీ, దాని ఖర్చు ఒక ఆడపిల్ల పర్సులోంచి పోతోంది.

ఆ మూడు రోజులూ ఆమె వెనకే తిరిగాను. నాలుగున్నరకు లేస్తుంది. వాకిలి ఊడ్చి, బోరింగు దగ్గర నీళ్ళు పట్టి, గిన్నెలు తోమి, పొయ్యి మీద అన్నం పడేసి, ఆరు కాకముందే తల్లితో కలిసి చేలోకి పోతుంది. మంచు తడి ఆరకముందు కోయకూడదని పెద్దవాళ్ళంటారు, కానీ కాలేజీ బస్సు మంచు ఆరేదాకా ఆగదు కదా. గంటన్నర కోసి, పరుగున ఇంటికొచ్చి, స్నానం చేసి, చేతులకు కొబ్బరినూనె రాసుకుని బస్సెక్కుతుంది. మిరప మంట తెలియనివాళ్ళకు ఒక్క మాట: కాయ కోసిన చేత్తో కన్ను నలుపుకోలేరు, ముఖం తుడుచుకోలేరు, నెలసరి రోజుల్లో బట్ట మార్చుకోవాలంటే భయం. సబ్బుతో కడిగినా పోదు, రాత్రికి ఎక్కువవుతుంది. ఈ అమ్మాయి చదివేది బీయస్సీ, బీజెడ్‌సీ. మైక్రోస్కోపు కింద చూస్తూ కన్ను తుడుచుకుని ల్యాబులో ఏడ్చిందట ఒకసారి. ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే చెప్పలేదు.

సాయంత్రం ఆరింటికి దిగుతుంది. కల్లంలో కాయ పోగు చేసి టార్పాలిన్ కప్పటం, మేకల్ని కట్టెయ్యటం, వంట. ఎనిమిదిన్నరకు పుస్తకం తీస్తుంది. తొమ్మిదింటికి పుస్తకం మీదే నిద్రపోయింది, నేను చూశాను.

ఇది బస్సెక్కిన రోజు సంగతి. బస్సెక్కని రోజులూ ఉన్నాయి.

మిరప నారు ఆగస్టు, సెప్టెంబర్‌లలో నాటుతారు. కోత డిసెంబర్ చివర మొదలై మార్చి దాటి సాగుతుంది. డిగ్రీలో 2016 నుంచి సెమిస్టర్లు వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నాట్లు, కలుపు ఒక సెమిస్టరును తింటాయి, కోతలు ఇంకో సెమిస్టరును తింటాయి. కాయ పండి చెట్టు మీద ఉండగా కూలీలు దొరకని వారం ఒకటి వస్తుంది, ఆ వారం ఇంట్లో ఉన్న ఆడ చెయ్యి ఏదీ బయటికి పోవటానికి లేదు. అలా నాలుగేసి రోజులు, ఆరేసి రోజులు. స్కాలర్‌షిప్పు కావాలంటే 75 శాతం హాజరుండాలి. ఆమెకు పోయిన సెమిస్టరులో తగ్గింది. స్కాలర్‌షిప్పు ఆగింది. ఆగింది కనుక తండ్రి, చదువు మీద మనకేం వస్తోంది, మానెయ్యరాదూ అన్నాడు. మానకుండా ఉండాలంటే పుస్తకాల డబ్బు ఎక్కడినుంచి రావాలి? వేసవిలో తునికాకు కొయ్యాలి. చేలో పని చేసినందుకు పోయిన డబ్బును అడవిలో పని చేసి తెచ్చుకోవాలి!

"కాలేజీకి ఎందుకు రాలేదని అడుగుతారక్కా. చేలో ఉన్నానంటే నవ్వుతారు. అందుకే జ్వరమొచ్చిందని చెప్తా. జ్వరమంటే ఏమనరు" అంది.

అబద్ధం చెబితే గౌరవం, నిజం చెబితే నవ్వు. ఆ కాలేజీలో ఒక అధ్యాపకురాలితో నేను మాట్లాడాను. మంచి మనిషే, విద్యార్థినులంటే ఇష్టం ఉన్న మనిషే. "ఈ పిల్లలకు సీరియస్‌నెస్ లేదండీ, సీజన్ వస్తే క్లాసు సగం ఖాళీ" అంది. సీజన్ అన్న మాట ఆమె నోటి నుంచే వచ్చింది, అయినా ఆ మాట వెనక ఎవరి పని ఉందో ఆమెకు తట్టలేదు. ఆమెను తప్పుపట్టటానికి రాయటం లేదు. జాతీయ నమూనా సర్వేల్లోనూ అంతే. ప్రధానంగా చదువుకుంటోందని రాసుకున్నాక ఆ అమ్మాయి శ్రామికుల లెక్కలోంచి జారిపోవటం తేలిక. 2024 సమయ వినియోగ సర్వే ఇంటిపనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఇస్తున్నారని చెప్పింది. మనం ఆ అంకెను సభల్లో చదువుతున్నాం. ఆ 289లో నుంచి బస్సు టైముకు తప్పించుకుని, మళ్ళీ సాయంత్రం వచ్చి పూర్తిచేసే పిల్లలు మన మనసులో ఉన్నారా అన్నది నా అనుమానం.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. సెప్టెంబర్‌లో మిరప నారు నాటటానికి ఆమె ఆగిపోయిన వారంలోనే క్లాసులో సొలనేసి కుటుంబం చెప్పారట. వంకాయ, టమాట, మిరప ఉండే కుటుంబం అది. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. పువ్వు ఎలా ఉంటుందో, కాయ ఎప్పుడు దిగుతుందో, ఏ తెగులుకు ఆకు ముడుచుకుంటుందో తెలిసిన పిల్ల ఆ ప్రశ్న వదిలేసి వచ్చింది. "నోట్సు లేదక్కా" అంది.

ఆమెకు తమ్ముడున్నాడు. ఖమ్మంలో ప్రైవేటు కాలేజీలో ఇంటరు, హాస్టలు. వాణ్ణి కోతలకు పిలవరు, ఎంట్రన్స్ పరీక్ష పాడవుతుందని. వాడి ఫీజుకు తెచ్చిన అప్పు, 2021లో నల్ల తామరపురుగు తోటను తినేసిన ఏడు మిగిలిన అప్పు, రెండూ ఈ కాయ మీదే తీరాలి. మిరపకు మద్దతు ధర జాబితాలో చోటు లేదు. తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. కూలి మిగిలితేనే అప్పు తీరుతుందని వాళ్ళ లెక్క, కూలి మిగిలేది కూతురి దగ్గర. ఈ లెక్క అన్ని కులాల రైతు ఇళ్ళలోనూ ఉంది. మధిర వైపు మా ఇంట్లోనూ ఉండేది. ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు పత్తి తీతలకని నేనూ ఆగిపోయాను. నాకూ జ్వరాలు వచ్చాయి.

రెండో రాత్రి ఆమె తల్లి ట్రంకు పెట్టె తెరిచి పోడు పట్టా చూపించింది. 2006 అటవీ హక్కుల చట్టంలో 4(4) సెక్షను ప్రకారం పెళ్ళయినవాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలి. మనం ఆ ఒక్క వాక్యం కోసం ఎన్ని దరఖాస్తులు రాయించామో! తెలంగాణలో 2023 జూన్ చివర మొదలైన పంపిణీలో లక్షన్నర మందికి పైగా, నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు. ఈ ఇంటి పట్టా మీద ఆమె పేరుంది. చదవటం రాదు గానీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. కూతురు దాన్ని పైకి చదివి, "నా పేరు ఎప్పుడొస్తదక్కా?" అని నన్నడిగింది.

దానికి నేను చట్టం చెప్పటం మొదలుపెట్టాను, మనకది అలవాటు. హిందూ వారసత్వ చట్టం 2(2) సెక్షను ప్రకారం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కోయ స్త్రీకి ఆచారమే చట్టం, ఆ ఆచారమేమిటో చెప్పేది పెద్దమనుషులు. ఆ తర్వాత 2025 జులై 17న ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, ఆడపిల్లకు వాటా లేదనే ఆచారం ఉందని రుజువు చెయ్యకపోతే వాటా నిరాకరించటం సమానత్వానికి విరుద్ధమని తీర్పిచ్చింది. ఇది మన కార్యకర్తలందరూ తెలుసుకోవలసిన తీర్పు. రుజువు భారం ఆడపిల్ల మీద కాకుండా అవతలివాళ్ళ మీద పడింది. అయితే ఆ రాత్రికి ఆ తీర్పు ఇంకా రాలేదు, నా దగ్గర చెప్పటానికి పెద్దగా ఏమీ లేదు. నేను మాట్లాడటం ఆపాక ఆమె మర్యాదగా, "మరి మీ పేరు మీద ఎంతుందక్కా?" అంది.

ఏమీ లేదు. 1986లో మన రాష్ట్రం తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళి కాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. నాకు పెళ్ళి కాలేదప్పటికి. నాకు హక్కుంది. 1994లో నాన్న పోయాక రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టాను. పుట్టింటి గుమ్మం ఉండాలి కదమ్మా అంది అమ్మ. అప్పటికే స్త్రీల ఆస్తి హక్కు మీద ఊరూరా ఉపన్యాసాలిస్తున్నాను. ఈ సంగతి ఈ పేజీలో ఇంతకుముందెప్పుడూ రాయలేదు.

భద్రాచలం నుంచి తిరిగి వచ్చి మన సమావేశంలో ఈ విషయం పెట్టాను. కోతల కాలంలో రైతు కుటుంబాల విద్యార్థినులకు హాజరులో సడలింపు అడుగుదామని కొందరన్నారు. నాకు వెంటనే నచ్చింది, తర్వాత భయం వేసింది. ఆ సడలింపు వస్తే కోతకు పోవటం ఆడపిల్ల విధి అని ప్రభుత్వమే ముద్ర వేసినట్టవుతుందేమో! ఇంట్లో ఆమె చెప్పుకోవటానికి మిగిలిన ఒకే సాకు, "హాజరు పోతుంది నాన్నా" అన్నది, అదీ పోతుంది. హాస్టలు సీట్లు పెంచమని అడగటం మేలని నేనన్నాను. హాస్టల్లో ఉన్న పిల్లను తెల్లవారుజామున చేలోకి తీసుకుపోలేరు.

అప్పుడు చర్ల ప్రాంతంలో పనిచేసే ఒక మిత్రురాలు అడిగింది: ఆ పిల్ల హాస్టలుకు పోతే ఆ కాయ ఎవరు కోస్తారు? సమాధానం అందరికీ తెలుసు. ఏటా కోతలకు సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి ముఠాలు వస్తాయి, చేల గట్ల మీద గుడిసెలు వేసుకుంటాయి. వాళ్ళలో పధ్నాలుగు, పదిహేనేళ్ళ ఆడపిల్లలుంటారు. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక చదువులు చెదిరిపోయి ఇటు వచ్చిన కుటుంబాల పిల్లలూ ఉంటారు. మా అమ్మాయి పక్క సాలులో అలాంటి పిల్ల ఒకతె కోయటం నేను చూశాను. ఇద్దరూ కోయ భాషలో మాట్లాడుకుని నవ్వుకుంటున్నారు. ఒకతె చదువు ఆగకుండా ఉండాలంటే అసలు చదువే మొదలుకాని ఇంకొకతె ఉండాలి. మిత్రురాలి ప్రశ్నకు ఆ రోజు ఎవరం సరైన జవాబు చెప్పలేదు. నాకిప్పటికీ హాస్టలే సరైన కోరిక అనిపిస్తోంది. కాకపోతే దాన్ని ముఠాల కనీస వేతనం, ఆ పిల్లల బడి గురించిన కోరికతో విడదీసి అడగటం మాత్రం కుదరదు.

ఇంకో సంగతి. ఈ అమ్మాయికి టీచరు కావాలని. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికామె బడిలో ఉంది. పోటీ ఎవరితోనో ఆమెకు తెలుసు: కోచింగు సెంటర్లలో పన్నెండు గంటలు కూర్చోగలిగినవాళ్ళతో.

నేను చెయ్యగలిగిన చిన్న పని ఒకటే చేశాను. ఒక నోటుబుక్కు ఇచ్చి, చేలో ఉన్న ప్రతి రోజూ తేదీ, గంటలు రాసిపెట్టమన్నాను. పక్కనే కాలేజీలో ఆ రోజు ఏం జరిగిందో స్నేహితురాలిని అడిగి రాయమన్నాను. మన జిల్లా మిత్రులు ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురు అమ్మాయిలతో ఇలా రాయించగలిగితే, హాజరు పట్టీ పక్కన పెట్టటానికి మన చేతిలో ఇంకో పట్టీ ఉంటుంది. ఐటీడీఏ ఆఫీసుకు వెళ్ళినా, కాలేజీకి వెళ్ళినా, ముందు ఆ ఇంటి తండ్రి ముందు పెట్టినా పనికొస్తుంది.

ఈ జనవరిలో ఆమె ఫోను చేసింది. మూడో సంవత్సరంలో ఉంది. ఆగస్టు నుంచి లెక్క రాస్తున్నానని, ఇప్పటికి ముప్ఫై ఒక్క రోజులయ్యాయని, రెండు రోజులు రాయటం మర్చిపోయానని చెప్పింది. మిగతాది కోతలయ్యాక పంపుతుందట. పరీక్ష ఫీజు చివరి తేదీ ఎప్పుడో కాలేజీలో కనుక్కోమన్నాను. రేపు పోవటం కుదరదు, ఎల్లుండి అడుగుతానంది.