భౌతికచికిత్సకుల వృత్తిస్వాతంత్ర్యము

తాటిచెట్టునుండి పడి వెన్నెముక దెబ్బతిన్న గీతకార్మికుడును, పక్షవాతముచే కాలుసేయి పడిపోయిన వృద్ధుడును, మోకాలి నొప్పితో నాట్లకు వంగలేని కూలివనితయు కొల్లాపూరు ప్రాంతమున ఏ యూరికి బోయినను కానవత్తురు. నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడు నీటిచే ఎముకలు బిగిసికొనిపోయినవారి దుఃఖము లోకవిదితమే. శస్త్రచికిత్స ఒక దినమున ముగియును. పడిన కాలిని మరల నేలపై మోపుట నేర్పు పని నెలలతరబడి సాగును. ఆ పని ఫిజియోథెరపీ యనబడు భౌతికచికిత్స నెఱిగినవారిది. వారు రోగిని స్వయముగా పరీక్షించి చికిత్స చేయవచ్చునా, లేక వైద్యుని చీటి వచ్చువఱకు చేతులు కట్టుకొని కూర్చుండవలెనా యనునది నేటి వివాదము.

చట్టమేమి చెప్పుచున్నది? పార్లమెంటు 2021లో చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల కమిషన్ చట్టము ప్రకారము భౌతికచికిత్సకుడు రోగిని సమగ్రముగా పరీక్షించి, వ్యాయామము, విద్యుత్తు, ఉష్ణము మున్నగు సాధనములచే చికిత్స చేయవచ్చును. స్వతంత్రముగా గాని, పలువురు నిపుణులలో నొకడుగా గాని వృత్తి నడపవచ్చును. కనీసార్హత పట్టము. ఇందు సందేహమునకు తావు లేదు. అయినను 2025 సెప్టెంబరు 9వ తేదీన కేంద్ర ఆరోగ్యసేవల డైరెక్టరేటు ఒక లేఖ వ్రాసి, వీరు డాక్టరను బిరుదు వాడరాదనియు, వైద్యులు పంపిన రోగులకే చికిత్స చేయవలెననియు పలికెను. మరునాడే ఆ లేఖను వెనుకకు తీసికొనెను! శాసనసభలు ఆలోచించి యిచ్చిన హక్కు, కచేరీలోని ఒక కాగితముతో పోవుటయు, మఱియొక కాగితముతో వచ్చుటయు వృత్తికిని గౌరవము కాదు, ప్రభుత్వమునకును గౌరవము కాదు.

బిరుదు తగవు మాకు ప్రధానము గాదు. రోగి క్షేమమే ప్రధానము. నడుమునొప్పి వెనుక క్షయయో, పుట్టకుఱుపో దాగియుండవచ్చునని వైద్యులు చెప్పు మాట త్రోసివేయదగినది కాదు. కాని ఆ సూచనలను గుర్తించి రోగిని తగినవారియొద్దకు పంపుట ఈ విద్యలో భాగమే. ఇంగ్లండులో 1894లో నర్సులు స్థాపించిన మర్దనవిద్యాసంఘము వైద్యుని యాజ్ఞ లేనిదే చేయి కదపరాదని నియమము పెట్టుకొనెను. ఆస్ట్రేలియా వృత్తిసంఘము అట్టి నియమమును 1976లో తొలగించెను. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రము 1957లోనే దారి చూపగా, 2015 నాటికి అచ్చటి రాష్ట్రములన్నియు ఏదో యొక మేరకు ఈ స్వేచ్ఛ నిచ్చినవి.

న్యాయవాది ఏ వాదము చేయవలెనో జడ్జి ముందుగా వ్రాసి యీయడు. అట్లని న్యాయవాది స్వైరవిహారి కాడు. 1961 నాటి అడ్వకేట్ల చట్టము క్రింద అతడు తన వృత్తిమండలికి జవాబుదారి. భౌతికచికిత్సకును ఇదియే న్యాయము. 2021 చట్టము అమలైన ఆరు మాసములలో ప్రతి రాష్ట్రమును మండలి నేర్పఱుపవలసియుండెను. మూడేండ్లు గడచినను, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు విచారించునాటికి పదునాలుగు రాష్ట్రములే మండలుల నేర్పఱచినవి. రెండు మాసములలో చట్టమును అమలు చేయుడని న్యాయస్థానము ఆదేశింపవలసివచ్చెను. మండలి లేనిచోట పట్టిక లేదు. పట్టిక లేనిచోట నాలుగేండ్లు చదివిన పట్టభద్రునికిని, రెండు యంత్రములు కొని బోర్డు కట్టిన దుకాణదారునికిని భేదము తెలియదు. చదివినవాని స్వాతంత్ర్యమును హరించిన కొలదియు చదువనివానికే సందు దొరకును.

కావున మా కోరిక యిది. మండలి పేరునకు మాత్రమే గాక పనికిని ఉండవలెను. అర్హుల పట్టిక ప్రతి పఠనమందిరమునను సామాన్యుడు చూచుకొనునట్లు ప్రకటింపవలెను. తప్పు చేసినవానిపై విచారణ జరుపవలెను. కొల్లాపూరువంటి పట్టణముల ఆసుపత్రులలో భౌతికచికిత్సకు స్థిరమైన ఉద్యోగములుండవలెను. వైద్యుడు చికిత్సకుని యొద్దకును, చికిత్సకుడు వైద్యుని యొద్దకును రోగిని సంకోచము లేక పంపవలెను. పాఠకులును చికిత్సకు బోవునపుడు అతని పట్టమును అడిగి తెలిసికొనవలెను; అది అవమానము కాదు, రోగి హక్కు. కూలిదినము పోగొట్టుకొని, బస్సుచార్జీ పెట్టుకొని, ఒక్క చీటికొఱకు హైదరాబాదు వఱకు బోవు నిఱుపేద కుంటివాని దృష్టితో ఈ ప్రశ్నను చూచినచో సమాధానము కష్టము కాదు.