ఊరి నడుగని పురపాలనము

పేరు మాఱిన మాత్రమున పాలనము మాఱదు. పంచాయతి యను బలకను దింపి మ్యునిసిపాలిటీ యను బలకను గట్టినంతనే పాలితులు పాలకులు కానేరరు. పన్ను వేయువా రెవరు? ఆ పన్నును దేనికి వెచ్చింపవలెనో నిర్ణయించువా రెవరు? లెక్క యడుగు హక్కెవరికి గలదు? ఈ మూడు ప్రశ్నలకును "ఊరివారికే" యని ప్రత్యుత్తరము వచ్చినచోట స్వపరిపాలనము గలదు. అట్లు రానిచోట నున్నది కార్యాలయము మాత్రమే.

ఈ పరీక్షను మేము నేడు క్రొత్తగా కల్పించుట లేదు. ఒక శతాబ్దమునకు పూర్వమే చీరాల పేరాల ప్రజలు దీనిని తమ కష్టముతో వ్రాసి పెట్టి పోయిరి. అప్పుడు గుంటూరు జిల్లాలో జేరిన చీరాల, పేరాల, వాని పొరుగు పేటలు కలిసి యొక యూనియనుగా నుండెను. జనసంఖ్య సుమారు 15,000. అందు నేతపనివారే హెచ్చు. యూనియనునకు సాలునకు వచ్చు పన్ను 4,000 రూపాయలు. 1919లో చెన్నపట్టణపు ప్రభుత్వమువారు దానిని మ్యునిసిపాలిటీగా మార్ప నిశ్చయించిరి. దానితో పన్నుల భారము సుమారు 40,000 రూపాయల కెక్కునని తేలెను. ఊరివారు అర్జీలు పంపిరి. మా కీ మ్యునిసిపాలిటీ యక్కఱలేదని మొఱపెట్టిరి. వినిన నాథుడు లేడు. ఎన్నికైన సభ్యులు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వమువారు జీతము మీద అధ్యక్షుని నియమించి పాలన సాగించిరి. పన్ను చెల్లింపనివారు చెఱసాల పాలైరి. వారిలో రావూరి అలమేలుమంగమ్మగారును నుండిరి. 1921 ఏప్రిలులో గాంధీ మహాత్ముడు చీరాలకు వచ్చి, శాంతముతో పన్ను నిరాకరించుట యొకటి, ఊరు విడిచిపోవుట యొకటి, రెండు మార్గములు చూపెను. ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున రెండవ మార్గమునే పట్టిరి. సుమారు 13,000 మంది ఇండ్లు వాకిండ్లు విడిచి, మ్యునిసిపల్ ఎల్లలకు వెలుపల పాకలు వేసికొని, రామనగరమని పేరిడుకొని, ఎండకు వానకు నోర్చి 11 నెలలు గడిపిరి. తుదకు నాయకుడు చెఱలో నుండగా, ప్రజలు అలసి మరల ఊరు జేరిరి, మ్యునిసిపాలిటీ నిలిచినది. కాని ప్రజలడిగిన ప్రశ్నయు నిలిచియే యున్నది.

ఈ కథలో మన పాఠకులు తఱచుగా మఱచు నంశ మొకటి గలదు. ఆ నాడు చెన్నరాజధానిలో స్థానిక స్వపరిపాలన శాఖ తెల్లదొరల చేతిలో లేదు. ద్వంద్వ ప్రభుత్వపు టేర్పాటు ననుసరించి అది పానగల్లు రాజావారి చేతిలో నుండెను. మంత్రి తెలుగువారే, ఊరు తెలుగు ఊరే, అర్జీలును తెలుగువారివే. అయినను ఊరి మాట సాగలేదు. కావున దోషము కేవలము పరజాతి పాలనలో మాత్రమే లేదు. దూరమున గూర్చుండినవారు దగ్గఱి వారి యక్కఱలను నిర్ణయించు పద్ధతిలోనే యున్నది. ఆ పద్ధతి 1947తో పోయినదా? ఇదియే మేము నేడు విచారింప దలచిన విషయము.

చట్టమును జూతము. 1992లో పార్లమెంటు ఆమోదించి, 1993 జూను 1 నుండి అమలునకు వచ్చిన 74వ సవరణ పురపాలక సంఘములకు రాజ్యాంగమున స్థానము గల్పించెను. పండ్రెండవ షెడ్యూలులో నీటి సరఫరా, వీధులు, ప్రజారోగ్యము, పారిశుధ్యము మొదలుగా 18 విషయములు చేర్పబడెను. చూచుటకు నిండు విస్తరి వలెనే యున్నది. కాని 243 డబ్ల్యు అధికరణమును శ్రద్ధగా చదువుడు. ఈ అధికారములను రాష్ట్ర శాసనసభ "ఇయ్యవచ్చును" అనియే గాని, "ఇయ్యవలెను" అని యచ్చట లేదు. న్యాయస్థానములలో తిరుగువారి కీ రెండు మాటల నడుమ నెంత దూరము గలదో చెప్ప నక్కఱలేదు. ఇచ్చువాని దయపై నిలుచునది హక్కు కాదు. వార్డు సంఘముల సంగతియు నంతే. 3 లక్షలును, అంతకు మించియును జనసంఖ్య గల పట్టణములకే 243 ఎస్ అధికరణము వాని నావశ్యక మొనర్చినది. 2011 జనగణనలో లక్షకు లోబడిన చీరాల మ్యునిసిపాలిటీకి, అట్టి మఱెన్నో చిన్న పట్టణములకు, రాజ్యాంగము విధించిన వార్డు సంఘము లేదు. ఏ ఊరు ఈ విద్య దేశమునకు నేర్పినదో ఆ ఊరికే రాజ్యాంగము ఆ భాగ్యమును నిశ్చయము చేయలేదు!

ఇక ఆచరణమును జూతము. 2020లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములు అదనముగా అప్పు తెచ్చుకొనుటకు కొన్ని షరతులు పెట్టెను. పట్టణములలో ఆస్తిపన్నును, నీరు మురుగు రుసుములను సవరించుట అందొకటి. ఆ యేడు నవంబరులోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇంటి అద్దె విలువ ననుసరించి పన్ను గట్టు పద్ధతిని దీసివేసి, ఆస్తి మూలధన విలువ ననుసరించి పన్ను గట్టు పద్ధతిని దెచ్చెను. 2021 ఏప్రిలు నుండి అది అమలాయెను. ఆ విలువను నిర్ణయించునది పట్టణము కాదు. రాష్ట్రపు రిజిస్ట్రేషను శాఖ. పన్ను పెంపు సాలునకు నూటికి 15కు మించరాదని యొక హద్దు పెట్టిరి. హద్దు మంచిదే. కాని ఏటేట 15 చొప్పున పెరిగిన 100 రూపాయల పన్ను అయిదేండ్లలో 201 రూపాయలగునని లెక్క వచ్చినవారెల్ల నెఱుగుదురు. పన్ను న్యాయమా, అన్యాయమా యను వాదము వేఱు. మే మడుగున దొక్కటే: ఈ మార్పు జరిగిననాడు ఊరి పక్షమున మాటాడవలసిన వారెక్కడ నుండిరి?

ఎక్కడను లేరు. 2014లో ఎన్నికైన పెక్కు పురపాలక సంఘముల గడువు 2019 జూలైలోనే తీఱిపోయెను. మరల ఎన్నికలు 2021 మార్చిలో గాని జరుగలేదు. ఆ నడుమ ప్రత్యేకాధికారులు పాలించిరి. కోవిడు వచ్చెను గదా యందురు. కోవిడు వచ్చినది 2020 మార్చిలో. గడువు తీఱినది అంతకు ఎనిమిది నెలల ముందు. తెలంగాణమునను ఇదే వరుస: 2020 జనవరిలో ఎన్నికైన పెక్కు సంఘముల గడువు 2025 జనవరిలో ముగియగా, అచ్చటను ప్రత్యేకాధికారులే వచ్చి కూర్చుండిరి. గడువు ముగియకముందే ఎన్నిక పూర్తికావలెనని 243 యు అధికరణము స్పష్టముగా శాసించుచున్నది. ఈ గడువును దాటరాదని సుప్రీంకోర్టు 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసున తీర్పు చెప్పియున్నది. ఇల్లు గలవాడు పన్ను గట్టుటకు ఒక నెల యాలస్యము చేసినచో వడ్డీ పడును. ప్రభుత్వము ఎన్నికకు ఏడాదిన్నర యాలస్యము చేసినచో ఏ వడ్డీ పడుచున్నది?

మఱియొక దృష్టాంతము. 2021లో ఆంధ్రప్రదేశ్ పట్టణములలో ఇంటింటి చెత్త నెత్తుటకు నెలసరి రుసుము విధింపబడెను. ఆడువారు గుమ్మములలో నిలిచి వాదించిరి. వసూలునకు వచ్చిన చిన్న యుద్యోగులు తిట్లు తినిరి. 2024 అక్టోబరు 2న మచిలీపట్టణమున ముఖ్యమంత్రిగారు ఆ రుసుమును రద్దు చేయుచున్నట్లు ప్రకటించిరి. ప్రజలు సంతోషించిరి, సంతోషింప వలసినదే. అయినను మిత్రులారా, వేసిన నాడును ఊరి నడుగలేదు; తీసిన నాడును ఊరి నడుగలేదు. వేసినవా రొక పక్షమువారు, తీసినవారు వేఱొక పక్షమువారు. ఉభయులకును నిర్ణయస్థలము రాష్ట్రప్రభుత్వమే. చెత్త బండికి డీజిలు, పారిశుధ్య కార్మికునకు జీతము ఇకమీద నెచ్చటినుండి రావలెనను ప్రశ్న యే కౌన్సిలులోనైన ఊరివారి యెదుట చర్చింపబడెనా? వరముగా వచ్చినది శాపముగా మాఱుటకు ఒక జీవో చాలును. ఏ పక్షము నధికారములో నున్నను మా మాట యిదియే.

పనుల సంగతి చెప్ప బూనినచో పత్రిక చాలదు. వీధికి సిమెంటు రోడ్డు వేయుదురు. ఆఱు నెలలు తిరుగకముందే కుళాయి గొట్టములకై దానిని త్రవ్వుదురు. సైడు కాలువను ఇంటి గడపకంటె ఎత్తుగా గట్టుదురు. తొలకరి వానకే మురుగు వంటయింటిలోనికి వచ్చును. ఆ వీధిలో పాలమ్ము ముసలమ్మ నడిగినను నీరు ఏ వైపునకు పాఱునో చెప్పెడిది. ఎస్టిమేటు వ్రాసినవా రామెను అడుగలేదు. నిధి యొక పథకము పేర వచ్చెను, ఆ పథకము రోడ్డునకు మాత్రమే యిచ్చెను, కావున రోడ్డే పడెను. కాలువ కొఱకు వేఱొక పథకము రావలెను. ఊరికి నీరు ముందా, రోడ్డు ముందా, దీపము ముందా యను క్రమమును ఊరు నిర్ణయింప లేనపుడు, డబ్బెంత వచ్చినను చిల్లుకుండలో నీరే.

పఠనాలయములలో ఈ పత్రికను జదువు పాఠకుల కొక మాట. మీ ఇంటిపన్ను రసీదును తీసి చూడుడు. పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు గలదు. మీరు దానిని చెల్లించితిరి. దానిని వసూలు చేసిన పురపాలక సంఘము జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలెను. అనేక పట్టణములలో ఆ సొమ్ము బకాయి పడియున్నది. మీరు గూర్చున్న బల్ల విఱిగినదైనచో, పత్రికలు తగ్గినవైనచో, మీ సొమ్ము ఎక్కడ నిలిచిపోయినదో యడుగు హక్కు మీకు గలదు.

"సామాన్యులకు ఎస్టిమేటు లేమి తెలియును? వార్డు కొక సభ పెట్టినచో కొట్లాట దప్ప పని జరుగునా? కౌన్సిలరులలో కంట్రాక్టరులు లేరా?" యని పెద్దలు కొంద ఱడుగుదురు. ఈ యాక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. కౌన్సిలు సభలలో కుర్చీలు లేచిన దినములు గలవు. బంధువుల పేర కంట్రాక్టులు చేసినవారును గలరు. కాని మందు ఏది? 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి వెలువరించిన తీర్మానముననే, పాలన తక్షణము బాగుపడుటకంటె ప్రజలకు రాజకీయ శిక్షణము గలుగుటయే దీని ముఖ్య ప్రయోజనమని యొప్పుకొనబడెను. పరాయి దొర యొప్పుకొనిన దానిని మనవారు నేటికిని సందేహించుట వింత గాదా? నీటిలో దిగనీయక ఈత రాదని నిందించుట యేమి న్యాయము? కొట్లాట యగునని సభ మానుకొన్నచో, దొంగతనమునకు మఱింత చీకటి దొరకును. వార్డులో పదుగురి యెదుట ఎస్టిమేటు చదివినచోట కంట్రాక్టరు సిమెంటు తగ్గించుటకు జంకును. ఇంజనీరు కొలత వ్రాయుటకు తొందరపడడు.

పన్ను గట్టవలదని మేము చెప్పుట లేదు. రోడ్డు కావలెను, మంచినీరు కావలెను, కాలువ లూడ్చు కార్మికునకు సకాలమున జీతము కావలెను. ఇవి ఊరక వచ్చునవి కావు. తానే నిర్ణయించిన పన్నును ఊరు సంతోషముతో గట్టును. మీద పడిన పన్నును తప్పించుకొన జూచును. వసూలు కాని బకాయిలకు మూల మెచ్చటనో లెక్కల శాఖవారు ఇందు వెదకుకొనవలెను.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, పురపాలక సంఘపు బడ్జెటు ముసాయిదాను ఆమోదమునకు నెల దినములకు ముందుగా తెలుగున అచ్చు వేయించి ప్రతి వార్డునను, ప్రతి పఠనాలయమునను ఉంచవలెను. రెండవది, చిన్న పట్టణములకును వార్డు సభలను చట్టమున ఆవశ్యకము చేసి, పని యెన్నికయు, దాని యెస్టిమేటును, పని ముగిసిన పిదప కొలతలును ఆ సభ యెదుట బెట్టవలెను. మూడవది, గడువు తీఱకముందే ఎన్నికలు జరుపవలెను. ఎన్నికైన సంఘము లేని కాలమున పన్ను పద్ధతిని మార్చరాదు. నాలుగవది, 18 విషయములలో "ఇయ్యవచ్చును" అను మాట "ఇయ్యవలెను" గా మాఱవలెను. అంతవరకు శాసనసభలు తమంత తామే విధులను, నిధులను, సిబ్బందిని పట్టణములకు వదలవలెను.

ఇవి యడిగినంతనే యిచ్చువారు లేరు. వార్డు వార్డు తిరిగి సంతకములు సేకరించు మావంటి సేవకుల కీ సంగతి తెలియును. కాని చేయదగిన పని నేడే గలదు. మీ వార్డులో జరుగుచున్న పని యెస్టిమేటును 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద కోరుడు; 30 దినములలో ప్రత్యుత్తర మియ్యవలసియున్నది. వచ్చిన కాగితమును పఠనాలయపు గోడకు అంటింపుడు. నలుగురు గూడి చదువుడు. టేపు పట్టి కాలువ కొలువుడు. లెక్క తప్పినచో కౌన్సిలరును మర్యాదగా పిలిచి యడుగుడు. ఆయన పలుకనిచో వ్రాతమూలముగా నడుగుడు. చీరాల నేతగాండ్రు తమ మాట చెల్లించుకొనుటకు మగ్గములు విడిచి, ఇండ్లు విడిచి, పాకలలో 11 నెలలుండవలసి వచ్చెను. నేడు మన కంత కష్టము లేదు. ఒక కాగితము, ఒక టేపు, నలుగురు పొరుగువారు చాలుదురు. అదియును జేయ నోపనివారికి, ఊరు తమదని చెప్పుకొను నధికార మెక్కడిది?