అరచేతి తుపాకి, అరకొర సాధన

అమెరికాలో ఆత్మరక్షణ కోసం పిస్తోలును దుస్తుల కింద కనపడకుండా వెంట ఉంచుకునే పద్ధతిని ‘కన్సీల్డ్ క్యారీ’ అంటారు. పిస్తోలు ఎంత చిన్నదైతే అంత మేలని, తూటా ఎంత పెద్దదైతే అంత భద్రమని, ట్రిగ్గర్‌ను తేలిక చేయించి కొత్త విడిభాగాలు బిగించుకుంటే మిగిలిన కొరత కూడా తీరిపోతుందని ఈ పద్ధతి విషయంలో ఒక అభిప్రాయం గట్టిగా వేళ్లూనుకుంది. ఈ పూర్వపక్షంలోని మూడు మాటలకూ మూలం ఒకే పొరపాటు: చేతికి అలవడవలసిన నేర్పును వస్తువులో వెతకడం. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది కొనుగోలుదారు ఒక్కడే కాదు, అతని ఇంట్లోవారు, అతని పక్కన నడిచే బాటసారులు కూడా కాబట్టి దీనిని ఖండించడం అవసరం.

వెంట తీసుకువెళ్లని ఆయుధం ఎవరినీ కాపాడదని చిన్న పిస్తోళ్లను సమర్థించేవారు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. టెక్సస్ ఎండల్లో పలచని చొక్కా వేసుకునేవారికి పెద్ద పిస్తోలును దాచుకోవడం కష్టమే. అయితే దాచుకోవడానికి అనువైనది పేల్చడానికి కూడా అనువుగా ఉంటుందనుకోవడం దగ్గరే తర్కం దారి తప్పుతోంది. 1988లో వచ్చిన గ్లాక్ 19, తూటాలు నింపే డబ్బా అయిన మ్యాగజైన్‌ను ఖాళీగా అమర్చినప్పుడు, దాదాపు 670 గ్రాములు తూగుతుంది, దాని బ్యారెల్ పొడవు 102 మిల్లీమీటర్లు. 2018లో వచ్చిన సిగ్ సావర్ పి365 సుమారు 500 గ్రాములే తూగుతుంది, దాని బ్యారెల్ 79 మిల్లీమీటర్లకు మించదు. రెండింటిలోనూ పేలేది మాత్రం ఒకే 9 మిల్లీమీటర్ల తూటా. తూటా ముందుకు దూసుకుపోయినప్పుడు పిస్తోలు వెనక్కి తన్నుతుంది. తూటా అదే అయినప్పుడు ఆయుధం బరువు ఎంత తగ్గితే ఆ తన్ను చేతికి అంత పదునుగా తగులుతుంది. పిడి పొట్టిదవడం వల్ల చాలామందికి చిటికెన వేలు ఆనడానికి చోటు చాలదు, ముందు వెనుక గురిగుర్తుల మధ్య దూరం తగ్గడం వల్ల కంటికి అందని చిన్న తేడా కూడా లక్ష్యం దగ్గర పెద్దదై కనిపిస్తుంది.

ఈ తన్ను మనిషి చేతిని ఎలా లొంగదీస్తుందో షూటింగ్ రేంజిలో కళ్లారా చూడవచ్చు. శిక్షకుడు అభ్యాసికి తెలియకుండా మ్యాగజైన్‌లోని అసలు తూటాల మధ్య ఒకటి రెండు ఉత్తుత్తి తూటాలను కలిపి ఇస్తాడు. మూడు నాలుగు తూటాలు పేలిన తరువాత ఉత్తుత్తి తూటా వంతు వచ్చినప్పుడు చప్పుడు గాని మెరుపు గాని ఉండవు, ‘టిక్’ అన్న శబ్దం ఒక్కటే వినిపిస్తుంది. అయినా పిస్తోలు మూతి మాత్రం చటుక్కున కిందికి వాలిపోతుంది, ఎందుకంటే రాబోయే దెబ్బకు జంకిన మణికట్టు దాన్ని ముందుగానే అణచడానికి ప్రయత్నించింది. ఆ మూతి బియ్యపు గింజ పొడవు మేర వాలినా చాలు, ఏడు గజాల దూరంలోని కాగితం మీద తూటా దాదాపు జానెడు కిందికి దిగిపోతుంది. చిన్న పిస్తోలు ఈ జంకును పెంచి పోషిస్తుంది, చేతికి నొప్పి పుట్టించి సాధన మీద విసుగు కలిగిస్తుంది. కనుక దాచుకోవడమనే సమస్యకు పరిష్కారాన్ని ముందుగా ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒరలో, బరువుకు వంగని బెల్టులో వెతకాలి. ఆయుధాన్ని కుదించడం ఆ తరువాతి మాట.

తూటా పరిమాణం గురించిన భ్రమకు అమెరికా ప్రభుత్వ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ చరిత్రే సమాధానం చెబుతుంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ అధికారులు మరణించారు, మరో ఐదుగురు గాయపడ్డారు. పోరు మొదట్లోనే ఒక దొంగ శరీరంలోకి దిగిన 9 మిల్లీమీటర్ల తూటా గుండెకు చేరువలో ఆగిపోవడంతో అతడు ఇంకా కాల్చగలిగాడు. ఆ తూటాను తప్పుపట్టిన సంస్థ అంతకంటె శక్తిమంతమైన 10 మిల్లీమీటర్ల తూటాను ఎంచుకుంది, దాని తన్నును చాలామంది అధికారులు తట్టుకోలేకపోవడంతో అందులోని మందును తగ్గించింది, తరువాత 1990లో పుట్టిన ‘.40 స్మిత్ అండ్ వెసన్’ తూటాకు మారింది. చివరకు 2014లో దాని శిక్షణ విభాగం, కొత్త తరహా 9 మిల్లీమీటర్ల తూటాలు దేహంలోకి తగినంత లోతుకు దిగుతున్నాయని, వాటితో ఎక్కువమంది వేగంగానూ గురి తప్పకుండానూ కాల్చగలుగుతున్నారని తేల్చి, మళ్లీ మొదటి చోటికే చేరుకుంది. తూటా నిర్మాణాన్ని మెరుగుపరచడం అవసరమేనని ఈ చరిత్ర ఒప్పుకుంటుంది, పరిమాణాన్ని పెంచడం మాత్రం గురికి బదులు కాలేదని నిరూపిస్తుంది. గురి కుదరనప్పుడల్లా ఇంకా పెద్ద తూటా కోసం దుకాణానికి వెళ్లేవారిని చూస్తే ఆడలేక మద్దెల ఓడన్న సామెతే గుర్తుకు వస్తుంది.

మూడో మాట మార్పులకు సంబంధించినది. గ్లాక్ వంటి పిస్తోళ్ల ట్రిగ్గర్‌ను లాగడానికి సుమారు రెండున్నర కిలోల బలం అవసరమవుతుంది, దానిని సగానికి తగ్గిస్తే గురి మెరుగవుతుందని మార్పులు చేయించుకునేవారు వాదిస్తారు. వారికి అనుకూలమైన సాక్ష్యం న్యూయార్క్‌లో కొంత దొరుకుతుంది. అక్కడి పోలీసు శాఖ పొరపాటున పేలకుండా ఉండేందుకు దాదాపు ఐదున్నర కిలోల బలం కోరే ట్రిగ్గర్లను ఎన్నో ఏళ్లు వాడింది. 2012 ఆగస్టు 24న ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఆ శాఖకు చెందిన ఇద్దరు అధికారులు ఒక హంతకుడిపై 16 తూటాలు కాల్చినప్పుడు దారినపోయే తొమ్మిదిమంది గాయపడ్డారు. మరీ బరువైన ట్రిగ్గర్ గురిని చెడగొట్టగలదన్నది ఒప్పుకోవలసిందే, కాని దాని నుంచి మరీ తేలికైనది మేలన్న నిర్ణయానికి రావడం కుదరదు. పోటీలో నిలబడి కాగితాన్ని కాల్చేవాడికి పనికివచ్చే తేలికపాటి ట్రిగ్గర్, భయంతో వేళ్లు వణికే మనిషి నడుము దగ్గర ప్రమాదకారి అవుతుంది.

పైగా ట్రిగ్గర్ నుంచి తూటా వెనుక తాకే పిన్ను వరకు ఉన్న భాగాలన్నీ ఒకదాని బరువుకు ఒకటి లెక్కకట్టి అమర్చినవి. కింద పడితే పేలుతోందన్న ఫిర్యాదులు రావడంతో 2017 ఆగస్టులో సిగ్ సావర్ తన పి320 పిస్తోలుకు ఉచితంగా సవరణ ప్రకటించింది, ఆ సవరణలో ముఖ్యమైనది ట్రిగ్గర్ తదితర భాగాల బరువును తగ్గించడం. కర్మాగారంలో ఇంజనీర్లు పరీక్షించిన అమరికలోనే ఇంత సూక్ష్మత దాగి ఉన్నప్పుడు, ఇంటి బల్ల మీద స్ప్రింగులు మార్చడం సాహసమనిపించుకోదు, అవివేకమే అవుతుంది. కంటికి తగిన గురిగుర్తులు, చేతికి సరిపడే పిడి, చీకట్లో ఎదుటివారెవరో తెలియజేసే దీపం సమంజసమైన మార్పులే. అవి కూడా ఉత్తుత్తి తూటా దగ్గర మూతి వాలని స్థితికి చేతిని తెచ్చుకున్న తరువాత, తనకు ఏది లోపమో సాధనే చూపించినప్పుడు చేసుకోవలసినవి.

రేంజి సాధనకు కూడా పరిమితి ఉంది. కదలని కాగితాన్ని తీరికగా కాల్చడం పునాది మాత్రమే. సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో చూపించినట్లు, కత్తి పట్టిన మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటగలడు. ఆ వ్యవధిలో చొక్కా తొలగించి, ఒరలోంచి తీసి, కాల్చాలో వద్దో తేల్చుకోవడం ఏ విడిభాగమూ నేర్పలేని విద్య. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల గురి ఎంత పేలవంగా ఉందో చూసి కలత చెందిన ఇద్దరు మాజీ అధికారులు 1871లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ను స్థాపించారు. తుపాకి హక్కుల పేరు చెప్పగానే గుర్తుకువచ్చే ఆ సంస్థ శిక్షణ కోసమే పుట్టిందన్న సంగతి నేడు మరుగున పడింది. 2024 మార్చిలో దక్షిణ కరొలైనా చేరడంతో 29 రాష్ట్రాల్లో అనుమతి పత్రం లేకుండానే పిస్తోలును దాచి తీసుకువెళ్లవచ్చు. ఇల్లినాయ్‌లో మాత్రం 16 గంటల శిక్షణ తప్పనిసరి. చట్టం అడగనంత మాత్రాన శిక్షణ అనవసరమైపోదు.

అమెరికాలోని తెలుగువారు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. హెచ్1బి, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు లేనిదే, తుపాకి గాని తూటా గాని కలిగి ఉండటాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తోంది. రేంజిలో అద్దెకు తీసుకుని కాసేపు చేతపట్టినా అది కలిగి ఉండటమే అవుతుంది. విశ్వవిద్యాలయం తొలగించిన హమీద్ రెహైఫ్ అనే విదేశీ విద్యార్థి ఫ్లోరిడాలో రేంజికి వెళ్లి కాల్చినందుకు నేరారోపణ ఎదుర్కొన్నాడు. తన వీసా హోదా చెల్లదని నిందితుడికి తెలుసునని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో సుప్రీంకోర్టు అతని కేసులో తీర్పు చెప్పింది, నిషేధాన్ని మాత్రం ఎత్తివేయలేదు. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు.

అన్నిటికంటె బరువైన లెక్క ఇంటి లోపలిది. 2021లో అమెరికాలో తుపాకి వల్ల మరణించిన 48,830 మందిలో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవారు. కాబట్టి పిస్తోలుతో పాటు కొనవలసిన మొదటి వస్తువు తాళం వేసే ఇనుప పెట్టె, రెండోది మంచి ఒర, మూడోది శిక్షకుడి సమయం, నాలుగోది సాధనకు సరిపడా తూటాలు. విడిభాగాల వంతు వీటన్నిటి తరువాతే వస్తుంది. ఈ క్రమానికి డబ్బును, సాధనకు నెలలో ఒక పూటను కేటాయించలేనివారు పిస్తోలును నడుముకు తగిలించుకోకపోవడమే వారికీ, వారి పిల్లలకూ, వారి పక్కన నడిచే అపరిచితులకూ క్షేమం.