సినిమా పోయింది... వంటకం మిగిలింది!

సినిమా హిట్టయితే ఏం మిగులుతుంది? పాటలు మిగులుతాయి. డైలాగులు మిగులుతాయి. హీరోయిన్ కట్టిన చీరకి బజార్లో పేరొస్తుంది. అయితే, జనం సినిమాని మరిచిపోయాక కూడా దాని పేరు ఏటా పండక్కి ఇంటింటా వినిపిస్తోందంటే నమ్ముతారా? స్వీడన్‌లో జరుగుతున్నది సరిగ్గా అదే. ఆ పేరు పెట్టుకున్నది పాటా కాదు, పిల్లాడూ కాదు... బంగాళాదుంపల వంటకం!

సంగతేమిటంటే, 1928లో స్వీడన్‌లో 'యాన్సన్స్ ఫ్రెస్టెల్సె' అని ఒక సినిమా వచ్చింది. 'యాన్సన్ గారి ప్రలోభం' అని అర్థం చెప్పుకోవచ్చు. అందులో నటించిన ఎడ్విన్ అడాల్ఫ్‌సన్ పేరున్న నటుడు. (మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' రావడానికి అప్పటికింకా నాలుగేళ్ళుంది.) ఒక ఇంట్లో పెద్దమనుషులకి విందు. దుంపలూ, ఉల్లిపాయలూ, చిన్న చేపలూ, మీగడా కలిపిన వంటకం బల్ల మీదకి రావాలి. దానికి ఘనమైన పేరు కావాలి. ఇంటావిడా, ఆ పూటకి కుదుర్చుకున్న వంటమనిషీ కలిసి ఆ సినిమా పేరు తగిలించేశారట! తర్వాత ఇల్లిల్లూ పాకి, వంట పుస్తకాల్లోకి ఎక్కింది. ఇదంతా ఆ ఇంటావిడ కొడుకు గున్నార్ స్టిగ్‌మార్క్ ఒక పత్రికలో రాసిన కథనం.

అబ్బే, అది కాదు, తిండిప్రియుడైన పెల్లె యాన్సన్ అనే ఒపేరా గాయకుడి పేరు మీద వచ్చిందనే వాళ్ళూ ఉన్నారు. పంచాయితీ తెగలేదు. ఈ వంటకం అచ్చులోకి వచ్చింది మాత్రం 1940లో. నా ఓటు సినిమాకే! సినిమా పత్రికలో రాసేవాడి పక్షపాతం అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇందులో ఒక డబ్బింగ్ తమాషా కూడా ఉంది. అసలు వంటలో పడే చేపని స్వీడన్ వాళ్ళు 'ఆన్‌షోవిస్' అంటారు. ఆ మాట వినగానే ఇంగ్లీషు వంట పుస్తకాల వాళ్ళు దాన్ని 'ఆంకోవీ' చేసేశారు. నిజానికది స్ప్రాట్ అనే వేరే చేప. ఉప్పూ, చక్కెరా, మసాలా దినుసులూ వేసి ఊరబెడతారు. పుస్తకం చూసి ఇటలీ ఆంకోవీ డబ్బా తెచ్చి గుమ్మరిస్తే వంటంతా ఉప్పుకషాయం! పెదాలు ఒకటంటే మాట ఇంకోటి వినిపించినట్టు.

ఆ చేప వాసన అందరికీ, ముఖ్యంగా పిల్లలకి, నచ్చదు. అందుకే చేప స్థానంలో సాసేజీ వేసేవాళ్ళున్నారు. మామూలు రోజుల్లో వాళ్ళకి ఇష్టమైన సాసేజీ 'ఫాలుకోర్వ్'. దానికీ ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంది. ఫాలున్ అనే ఊళ్ళో పెద్ద రాగి గని ఉండేది. గనిలోకి దింపే మోకులు ఎద్దుతోలుతో పేనేవారు. తోలు మోకులకి పోగా, మాంసం కుప్పలు పడి ఉండేది. దాన్ని ఉప్పు పట్టించి, పొగపెట్టి, సాసేజీలు చేసుకున్నారు. గని 1992లో మూతపడింది. సాసేజీ మాత్రం ఇంకా బజార్లో ఉంది!

ఇక షూటింగ్ మొదలెడదాం. నలుగురికి లెక్క: దుంపలు 1 కిలో, పెద్ద ఉల్లిపాయలు 2, సాసేజీలు 300 గ్రాములు, క్రీమ్ 300 మిల్లీలీటర్లు, పాలు అరకప్పు, వెన్న 50 గ్రాములు, ఆవపిండి పేస్టు 1 చెంచా, బ్రెడ్ పొడి 2 చెంచాలు, మిరియాల పొడి. ఫాలుకోర్వ్‌లో పంది, ఆవు మాంసాలుంటాయి. వద్దనుకునేవాళ్ళు కోడిమాంసం సాసేజీలు వాడుకోవచ్చు.

దుంపలు చెక్కుతీసి అగ్గిపుల్లల కన్నా కాస్త లావుగా తరగండి. తరిగాక మాత్రం కడగొద్దు! ఆ పిండిపదార్థమే క్రీమ్‌ని చిక్కబరిచేది. అది కడిగేస్తే పులుసులో ముక్కల్లా తేలతాయి. ఉల్లిపాయలు వెన్నలో మెత్తబడేదాకా వేయించండి, ఎర్రబడకూడదు. సాసేజీ చక్రాలు రెండువైపులా రంగు తేలేదాకా వేగనివ్వండి. వెన్న రాసిన పళ్ళెంలో ఒక వరస దుంపలు, ఒక వరస ఉల్లి, సాసేజీ, మళ్ళీ దుంపలు. క్రీమ్, పాలు, ఆవపిండి పేస్టు కలిపి పైన పొయ్యండి. బ్రెడ్ పొడి చల్లి, మిగిలిన వెన్న ముక్కలు అక్కడక్కడా వెయ్యండి. సాసేజీలోనే ఉప్పుంటుంది కనక ఉప్పు దగ్గర చెయ్యి బిగబట్టండి.

ఓవెన్‌లో 200 డిగ్రీల వేడి, 50 నుంచి 60 నిమిషాలు. చాకు గుచ్చితే దుంప అడ్డుపడకుండా దిగాలి. పైన ముందే మాడుతుంటే రేకు కప్పండి. తీశాక పది నిమిషాలు ఆగండి, క్రీమ్ అంతా సర్దుకుంటుంది.

ఓవెన్ లేదా? దిగులెందుకు! అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఇవే వరసలు పేర్చి, మూతపెట్టి, పెనం మీద సన్నటి సెగన 40, 45 నిమిషాలు ఉంచండి. పైన ఎర్రబడదు. అందుకని బ్రెడ్ పొడిని విడిగా వెన్నలో వేయించి చివర్లో చల్లండి. స్వీడన్ వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, నాలుక ఒప్పుకుంటుంది.

అక్కడ క్రిస్మస్ బల్ల మీద యాన్సన్ లేనిదే పండగ కాదంటారు. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం మూడింటికి డొనాల్డ్ డక్ కార్టూన్ కార్యక్రమం వస్తుంది. 1960ల నుంచీ అది ఆనవాయితీ. ఊళ్ళకి ఊళ్ళు టీవీల ముందు కూచుంటాయి. బొమ్మ మారదు, వంట మారదు!

ఒక్క సంగతి మాత్రం నా మనసులో ముల్లులా ఉంది. అడాల్ఫ్‌సన్ పేరు చరిత్రలో ఉంది. కథ చెప్పిన కొడుకు పేరుంది. గాయకుడి పేరూ ఉంది. పొయ్యి దగ్గర నిలబడి ఆ పేరు ఎంచినవాళ్ళలో ఒకరైన వంటమనిషి పేరు మాత్రం ఆ కథలో ఎక్కడా వినపడదు. టైటిల్స్‌లో పేరు పడని లైట్‌బాయ్‌లాగా! మీ ఇంట్లోనూ వెతికితే అమ్మమ్మ కనిపెట్టిన పచ్చడో, పక్కింటి పిన్నిగారు నేర్పిన పులుసో ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం మ్యాట్నీ నుంచి వచ్చాక ఓ కాగితం తీసుకుని రాసి పెట్టండి. పేరు మీ ఇష్టం. నచ్చిన సినిమా పేరే పెట్టుకోండి! కింద మాత్రం వండిన మనిషి పేరు పెద్దక్షరాల్లో వెయ్యండి.