తుక్కుకి వేసే ముందు మోడల్ చూడండి

మన స్టోర్ రూములోని పాత కలర్ టీవీని తుక్కుకి వేస్తారంట. స్టాకు రిజిస్టరులో ‘కలర్ టీవీ 1’ అనే ఉంది. ఏ మోడలో తెలియకుండానే పనికిరాదనడం న్యాయమా?

కలర్ ప్రసారాలు మన దేశంలో 1982లో మొదలయ్యాయి. అప్పటినుంచి ఒక్కో కంపెనీ ఎన్నో మోడళ్లు చేసింది. ముందు కనపడేది కంపెనీ పేరే. మోడల్ నంబరు వెనక డబ్బా మీది చీటీలో, వోల్టులు రాసిన దగ్గర ఉంటది. సీరియల్ నంబరు వేరు, అది ఒక్కో టీవీకి ఒక్కోటి. మోడల్ చెబితేనే మెకానిక్ సరిపోయే సామాను వెతకగలడు. డబ్బా మాత్రం మనం విప్పకూడదు. ప్లగ్గు తీసినా పిక్చర్ ట్యూబులో కరెంటు నిలిచి ఉంటది.

మా ఇంట్లో చదువొచ్చింది నాకొక్కదానికే. చదువు పరీక్షలకేనా? మేడమ్ గారూ, ఆ చీటీ చదివి రిజిస్టరులో ఎక్కించే పని మా తొమ్మిదో తరగతికి ఇవ్వండి. తర్వాతే తుక్కు సంగతి ఆలోచించండి.