పండగకి బరువెక్కేది మనం, అలిసేది అమ్మ

దసరాకి మెట్‌పల్లి వెళ్ళొచ్చాను. జేబీఎస్ లో బస్సెక్కేటప్పుడే ఈసారి తిండి దగ్గర కంట్రోల్ గా ఉండాలని గట్టిగా అనుకున్నాను. ఆగస్టులో చేయించుకున్న హెల్త్ చెకప్ లో నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది మరి. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటారు. మన భాషలో చెప్పాలంటే కోడ్ వార్నింగులతో కంపైల్ అయింది, ఎర్రర్ ఇంకా రాలేదు.

నేనొక్కడినే కాదు లెండి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి, ఆ వివరాలు 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ జర్నల్లో వేశారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందట.

పండక్కి నాలుగు గారెలు ఎక్కువ తింటే ఏమైతది అని నేనూ అనేవాణ్ణే. అమెరికాలో 195 మంది బరువుని పండగ సీజన్ కి ముందూ తర్వాతా చూసిన పరిశోధన ఒకటి 2000లో వచ్చింది. సగటున పెరిగింది అర కిలో కూడా లేదు. కాకపోతే ఆ పెరిగింది తర్వాత నెలల్లోనూ దిగలేదు. అచ్చం మెమరీ లీక్ లాగే, ఏడాదికింత.

ఇక అసలు సంగతికొస్తాను. సద్దుల బతుకమ్మ రోజు అమ్మ నాలుగింటికే లేచింది. పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద అన్నీ ఒక్క చేత్తో చేస్తోంది. నేను లాప్‌టాప్ ముందు కూర్చుని, కదలకుండా మధ్యాహ్నానికి మూడుసార్లు తిన్నాను. రెండింటికి "తిన్నవా అమ్మా?" అని అడిగితే, "పనైనంక తింట తియ్ బిడ్డా" అంది. పొద్దున వేసుకోవాల్సిన బీపీ గోలీ కూడా వేసుకోలేదు!

తప్పు పండగది కాదు. మా చిన్నప్పుడు పూలు తేవడం మగవాళ్ళ పని. బాపు తెల్లారకముందే చెలకలెంట తిరిగి గునుగు, తంగేడు కోసుకొచ్చేవాడు. సాయంత్రం ఆడవాళ్ళు గంటలకొద్దీ బతుకమ్మ చుట్టూ తిరిగి ఆడి, చెరువుదాకా నడిచి, చివర్లో దోసెడు సద్ది పంచుకు తినేవాళ్ళు. ఎంత కష్టానికి ఎంత తిండో ఆ లెక్క పండగలోనే ఉంది. ఈసారి నేను బండి మీద మార్కెట్టుకెళ్ళి పూలు కొనుక్కొచ్చాను. నా వంతు పని వదిలేసి, తిండి మాత్రం అలాగే ఉంచుకున్నాను.

అందుకే దసరా రోజు నేనే ముందు లేచాను. మటన్ తెచ్చి, ఉల్లిగడ్డలు కోసి, గిన్నెలు తోమాను. "నువ్వెందుకు కొడుకా, నాలుగు రోజులుండి పోయేటోనివి" అని అమ్మ గొడవ పెట్టింది. అయినా తొమ్మిదింటికల్లా కూర్చుని తింది, గోలీ వేసుకుంది. సాయంత్రం జమ్మికి బండి తియ్యకుండా నడిచే వెళ్ళాను. ఒక్క రోజు పనికి నా షుగర్ తగ్గిందని చెప్పను. కానీ గిన్నెల దగ్గర నిలబడ్డవాడికి నాలుగో గారె మీదికి మనసు పోదు, అది మాత్రం నిజం.

డైట్ చార్టులు మనందరి దగ్గరా ఉన్నాయి. పండగ రోజుల్లో మనకి కావలసింది కాస్త ఒళ్ళు వంచడం, అమ్మకి కావలసింది కాస్త కూర్చోవడం. రెండిటికీ మందు ఒకటే. సంక్రాంతికి సకినాలు చుట్టడం నేర్చుకుందామనుకుంటున్నాను. తినడం ఎలాగూ వచ్చు.

ఇంతకీ పండగ రోజు మీ అమ్మ ఎన్నింటికి తింటుందో మీకు తెలుసా? నాకు మొన్నటిదాకా తెలియదు.